మర్రిపాడు చేనుకు దారి

ఆత్మకూరులో భూముల మధ్యవర్తిగా నేను చేసిన ఆఖరి వ్యవహారాల్లో మర్రిపాడు మెట్టచేను ఒకటి. వైశాఖంలో అగ్రిమెంటు రాసుకున్నాం, భాద్రపదం చివరికి గడువు. అమ్మేది సుబ్బమ్మ. ఒంటరి మనిషి, ఉన్నది ఆ నాలుగెకరాలే. మా పద్ధతిలో ముందు రైతుతో అగ్రిమెంటు నా పేరుతోనే అవుతుంది. 'నాకు గానీ, నేను చూపిన వారికి గానీ' రిజిస్టరు చేయాలని అందులో రాయించుకుంటాను. ఆ మాట బలంతో గడువులోగా అసలు కొనే గిరాకీని తెచ్చి నిలబెడతాను. రెండు ధరల మధ్య మిగిలేది నా లాభం.

సుబ్బమ్మ ఆ సొమ్ముతో వరికుంటపాడు దగ్గర కూతురి ఊళ్ళో చెరువు కింద ఎకరం మాట్లాడుకుంది. దాని గడువు మా గడువుకు మరునాడే.

గిరాకీ నెల్లూరు ఇనుపసామాన్ల వ్యాపారి. రిజిస్ట్రేషన్ మూడు రోజులుందనగా ఫోన్ చేసి వద్దన్నాడు. నాకు ఒళ్ళు మండింది. వెనక్కి తగ్గినవాడి అడ్వాన్సు ఉంచేసుకోవడం మా వ్యాపారంలో రివాజు. అందులో సగం ఇస్తానని సుబ్బమ్మకు చెప్పాను.

"నీ అడ్వాన్సు నేనేం జేసుకునేది నాయనా? ఆ ఎకరా చెయ్యిజారితే మళ్ళీ యాడ దొరుకుతాది?" అంది.

సిగ్గేసింది. ఆమెకు కావలసింది గడువులోగా కొనే మనిషి. ఆ వ్యాపారికి మళ్ళీ ఫోన్ చేసి, ఈసారి కోప్పడకుండా కారణం అడిగాను.

"నిన్న చేను చూద్దామని పోయినాను అన్నా. దారే లేదు. కంప కొట్టి ఉండారు," అన్నాడు.

వెంటనే బండి మీద మర్రిపాడు పోయాను. నిజమే! వేసవిలో మేం చూపించినప్పుడు కోతలైపోయి చేలన్నీ ఖాళీ. గొర్రెలైనా జీపులైనా ఎటైనా పోవచ్చు. మేమూ పక్క చేలోంచే జీపు తోలుకెళ్ళి గట్టు మీద దిగాం. వాన పడగానే ఆ పక్క చేను ఆసామి మాలకొండయ్య దాన్ని దున్ని, కంది విత్తి, ముళ్ళకంప వేశాడు. సర్వే పటంలో బాట లేనే లేదు. ఇరవై ఏళ్ళుగా ఇదే పనిలో ఉండి, వైశాఖంలోనే ఆ పటం చూడని బుద్ధితక్కువ నాది.

దారి రాసిమ్మని మాలకొండయ్యను అడిగాను. "ఏందన్నా నువ్వు! మొలిచిన పైరు తొక్కిస్తానా?" అనేశాడు. వదిలిపెట్టదలుచుకోలేదు, రెండోరోజూ పోయాను. అదే మాట. తిరిగొస్తూ కంప దగ్గర ఆగాను. ఈ చేనుకు దారి అక్కరలేని మనిషి ఒక్కడే ఉన్నాడు, నేను రెండు రోజులుగా వాడితోనే పోట్లాడుతున్నాను! వెనక్కి పోయి, "నువ్వే కొనుక్కోరా మాలకొండా," అన్నాను.

"పొగాకు సొమ్ము బ్యాంకులో ఉండాది. ధరే కుదరాల," అన్నాడు. సుబ్బమ్మకు నేను ఒప్పుకున్న ధరకే ఇప్పిస్తానన్నాను. అంటే నాకేమీ మిగలదు. గొణుక్కుంటూనే సరేనన్నాడు.

గడువు రోజున ఆత్మకూరు రిజిస్ట్రారు ఆఫీసులో, పేరు మార్చి రాసిన దస్తావేజు మీద సుబ్బమ్మ వేలిముద్ర వేసింది. మరునాడు ఉదయగిరి రిజిస్ట్రారు ఆఫీసులో చెరువు కింద ఎకరం ఆమె పేరు మీదికి వచ్చింది.

నెల్లూరు వ్యాపారికి అడ్వాన్సు తిరిగిచ్చేశాను. తప్పు అతనిది కాదు. గిరాకీ వెనక్కి తగ్గితే అగ్రిమెంటు తెరిచే ముందు చేనుకు పోయి చూడాలని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత పని మానేదాకా, విత్తనం పడ్డాక కొనేవాణ్ణి మరోసారి నడిపించి చూపించకుండా ఏ మెట్టచేనూ అమ్మలేదు.