కొత్త రూటరు పెట్టిన నాలుగు రోజులు

అచ్చాఫీసులో ఆమెను అందరూ భూతద్దం అనేవారు. ముప్పై రెండేళ్లు ప్రూఫులు దిద్దిన మనిషి. పుట్టు చెవుడు, మాటా లేదు. మిషన్లు ఎంత రొద చేసినా తలెత్తేది కాదు గనక పని చకచకా సాగేదని యజమాని మురిసిపోయేవాడు, అదేదో తాను కనిపెట్టిన కిటుకైనట్టు. పిలిస్తే పలకదని విసుక్కున్నవాళ్లే, పుస్తకం మిషనెక్కే ముందు ఆమె ఒక్క తప్పు అంకె పట్టుకుంటే ఆమె కాళ్లకు మొక్కినంత పని చేసేవారు.

ఆమెకు నా అన్నది అక్క ఒక్కతే. అక్కదీ పుట్టు చెవుడే. ఇద్దరిలో ఒకరినే చెవిటిపిల్లల బడికి పంపాలని పెద్దవాళ్లు తేల్చారు. పెద్దది ఇంటి పనికి అక్కరకొస్తుంది, చిన్నది ఎలాగూ కొరగాదు కదా అని చిన్నదాన్ని పంపారు. అలా చెల్లెలికి చదువొచ్చింది, అక్కకు అక్షరం ముక్క రాలేదు. అక్కకున్న భాష అంతా చిన్నప్పుడు వాళ్లిద్దరూ పెరట్లో కల్పించుకున్న చేతుల భాష. బడిలో నేర్పిన సైగలు వేరు, ఇవి వేరు. జడ లాగినట్టు చూపిస్తే అక్క. గడ్డం మీద రెండుసార్లు వేలితో తడితే చెల్లెలు, ఎందుకంటే మెట్ల మీద పడి గడ్డం పగలగొట్టుకున్న ఘనురాలు ఆమే. ఈ భూమ్మీద ఆ భాష పూర్తిగా వచ్చినవాళ్లు ఇద్దరే ఇద్దరు. అక్క కొడుక్కు అన్నం, నిద్ర, నొప్పి వరకు వచ్చు. కొత్తగా వచ్చిన కోడలికి అంతకూడా రాదు.

ఈ ఏడు అక్క చూపు తగ్గడం మొదలైంది. ఇక చేయగలిగిందేమీ లేదు, చూపు ఉండేది రెండు వారాలో మూడు వారాలో అన్నాడు డాక్టరు. రెండు రోజుల ప్రయాణం చేసి వెళ్దామంటే చెల్లెలికి తుంటి ఎముక విరిగి, మూడో అంతస్తు దిగే యోగం లేదు. అందుకని రోజూ సాయంత్రం నాలుగింటికి లాప్‌టాప్ ముందు కూర్చునేది. వెనక తెల్లగోడ, ఒంటి మీద పొడుగు చేతుల నల్ల జాకెట్టు, చేతుల మీద పడేలా టేబుల్ లైటు. అప్పుడే అక్కకు వేళ్లు విడివిడిగా కనిపించేవి. అవతల అక్క టీవీ తెరకు జానెడు దూరంలో కూర్చుని చెల్లెల్ని కళ్లతో తాగేసేది.

"చూడగలిగినన్నాళ్లూ చూసుకుందాం. ఒక్కరోజు కూడా మానకు" అంది అక్క చేతులతో.

అలాంటి రోజుల్లో ఇంటర్నెట్ కంపెనీ నుంచి కబురొచ్చింది, పాత రూటరు తీసేసి కొత్తది పెడతాం, బొమ్మ ఇంకా స్పష్టంగా వస్తుందని. అక్కకు ఇంకా బాగా కనిపిస్తానన్న ఆశతో సరేనంది. ఆ సరే అన్న చేతిని ఇవాళ్టికీ ఆమె క్షమించుకోలేదు.

శుక్రవారం లైన్‌మన్ వచ్చాడు, కొత్తది బిగించాడు, తన ఫోనులో చూసుకున్నాడు, బొటనవేలు పైకెత్తి వెళ్లిపోయాడు. నాలుగింటికి ఆమె లాప్‌టాప్ తెరిచింది. కొత్త పేరు కనిపించింది, పాస్‌వర్డ్ కొట్టింది, కలిసింది. కానీ ఆ కలిసిన గుర్తు కిందే ఇంటర్నెట్ లేదని రాసి ఉంది. ఆపి వేసింది. రూటరు వైరు పీకి, వంద అంకెలు లెక్కపెట్టి మళ్లీ పెట్టింది. నెట్‌వర్కును తీసేసి మళ్లీ చేర్చింది. లైట్లన్నీ పచ్చగా వెలుగుతూనే ఉన్నాయి. బొమ్మ మాత్రం రాలేదు.

శనివారం కింది ఇంటి టైలరమ్మ వచ్చి హెల్ప్‌లైనుకు ఫోను చేసింది. అరగంట పాట విన్నాక ఒకమ్మాయి పలికింది.

"ఖాతాదారు గారినే మాట్లాడమనండి మేడమ్."

"ఆవిడ మాట్లాడలేదమ్మా. చెవుడు, మూగ."

"అయితే ఒక్కసారి లైన్లోకి వచ్చి అవునని చెప్పమనండి మేడమ్, చాలు."

టైలరమ్మ ఆ అమ్మాయికి పెట్టిన శాపనార్థాలు ఇక్కడ రాయడం బాగుండదు. ఆదివారం లైన్‌మన్ సెలవు. ఫోను సిగ్నలు ఆ ఇంట్లో కిటికీ దగ్గర తప్ప అందదు. రూటరులో నెట్టే లేదనుకుని టైలరమ్మ ఆమెను అక్కడ కూర్చోబెట్టి తన ఫోను పట్టుకుంది గానీ, వెనక వెలుగుకు చెల్లెలు నల్లటి నీడలా పడింది. అక్క ఆ నీడను కాసేపు వెతికి తల అడ్డంగా ఊపింది. సోమవారం లైన్‌మన్ మళ్లీ వచ్చాడు.

"నా లైను భేషుగ్గా ఉందండీ. మీ లాప్‌టాపే ముసల్దయిపోయింది" అని టైలరమ్మకు చెప్పి చేతులు దులుపుకున్నాడు. దాన్ని విప్పి చూసిన పాపాన పోలేదు.

మంగళవారం మధ్యాహ్నం ఆమె మూలనున్న అట్టపెట్టెలోంచి పాత రూటరు తీసింది. రెండింటినీ పక్కపక్కన బోర్లించి, మూల ప్రతినీ ప్రూఫునూ సరిచూసినట్టు, భూతద్దంతో అడుగున ఉన్న చీటీలు చదివింది. పొడుగాటి అంకెల వరస. అన్నీ ఒకటే, ఆఖరి నుంచి రెండోది తప్ప. పాతదాంట్లో సున్నా, కొత్తదాంట్లో ఒకటి. లాప్‌టాప్ సెట్టింగుల్లోకి వెళ్లి వెతికితే అక్కడా అదే వరస కనిపించింది, సున్నాతో. అప్పుడెప్పుడో పాత లైన్‌మన్ లైను తెగిపోకుండా ఉంటుందని చేత్తో నింపిన రూటరు చిరునామా అది. రూటరు మారినా పాపం ఆ లాప్‌టాప్ నాలుగు రోజులుగా పాత గుమ్మమే తడుతూ కూర్చుంది. ఆమె ఆ వరస ఉన్నచోటల్లా ఆ సున్నా తీసి ఒకటి వేసింది. ఇంటర్నెట్ లేదన్న మాట మాయమైంది.

గడియారం చూసింది. నాలుగింటికి ఇంకా పది నిమిషాలుంది. నల్ల జాకెట్టు తొడుక్కుంది, లైటు సర్దుకుంది.

తెర మీద అక్క వచ్చింది. బొమ్మ నిజంగానే అద్దంలా ఉంది, అక్క కనుబొమల్లోని తెల్ల వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు. చెల్లెలు రెండు చేతులూ ఊపింది. అక్క కళ్లు కదల్లేదు. కోడలు కాగితం మీద రాసి కెమెరా ముందు పెట్టింది.

"నిన్న పొద్దుట్నుంచి ఏమీ కనిపించడం లేదు చిన్నత్తయ్యా. అయినా నాలుగు కాగానే వచ్చి ఇక్కడే కూర్చుంటున్నారు."

చెల్లెలు ఊపుతున్న చేతులు దించేసింది. ఇంతలో అక్క చేతులు లేచాయి. ఎవరున్నారో తెలియకపోయినా, ఉన్నారన్నట్టే మాట్లాడాయి.

"వచ్చావా? నల్ల జాకెట్టేనా? లైటు వేశావా?"

వచ్చానని చెప్పు, అని చెల్లెలు గబగబా టైపు చేసింది. కోడలు చదివింది, కళ్లు తుడుచుకుంటూ రాసి చూపింది. "ఎలా చెప్పను?"

నిజమే, ఎలా చెబుతుంది? అక్కకు చెవి లేదు, అక్షరం లేదు, ఇప్పుడు కన్నూ లేదు. చెల్లెలు తెర దగ్గరికి జరిగింది. తర్వాత తన గడ్డం మీద వేలితో రెండుసార్లు తట్టి, ఇలాగే చెయ్యమన్నట్టు కోడలి వైపు చూపించింది. ఆ పిల్లకు అర్థం తెలియదు. అయినా అత్తగారి వేలు పట్టుకుని అత్తగారి గడ్డానికే రెండుసార్లు తాకించింది.

అక్క ఉలిక్కిపడింది. ఆ వేలిని అక్కడే ఉంచుకుని, నోరు తెరిచి ఏడ్చింది. ఏడుపు తగ్గాక చేతులు మళ్లీ అడిగాయి.

"ఈ నాలుగు రోజులూ ఏమైపోయావు? నేను చూస్తూనే ఉన్నాను. నిన్న పొద్దుటిదాకా చూస్తూనే ఉన్నాను. ఎందుకు రాలేదు?"

జవాబంతా చెల్లెలి పది వేళ్లలోనూ ఉంది. నీకు బాగా కనిపించాలనే అక్కా అని, ఒక్క అంకె అక్కా అని. కోడలు ఆమె వైపే చూస్తోంది, ఏం చెప్పమంటారు అన్నట్టు. ఆ పిల్లకు చేతనైన మాట ఒక్కటే.

చెల్లెలు మళ్లీ గడ్డం మీద రెండుసార్లు తట్టింది.