చీటీ కుళ్ళాయమ్మది, బర్పీలు ఎర్రిస్వామివి

నలుగురు మనుషులు ఒకచోట కనిపిస్తే చాలు, మా ఎర్రిస్వామి నేలమీద పడిపోతాడు. మూర్ఛ అనుకునేరు. కాదు, బర్పీలు! నిలబడ్డ మనిషి గొంతుక్కూర్చుని, చేతులు నేలకానించి, కాళ్లు రెండూ వెనక్కి తన్ని, రొమ్ము నేలకు తాకించి, మళ్లీ లేచి, నెత్తిమీద చప్పట్లు కొడుతూ ఎగిరితే ఒకటి. అట్లాంటివి పదులకొద్దీ తీస్తాడు. పట్టుచీరలు నేసే మనిషి, యాభై ఎనిమిదేళ్ల వయసు, పంచె గోచీ బిగించి! ధర్మవరంలో పుట్టి అరవై ఏళ్లుగా నేను చూడని వింతలన్నీ ఆ మూడు నెలల్లో చూశాను.

నా పేరు రామాంజినేయులు. ఎర్రిస్వామీ నేనూ ఒకే కొట్టంలో, పక్కపక్క గుంతమగ్గాల్లో ముప్పై ఏళ్లుగా నేస్తున్నాం. ఆయన భార్య కుళ్ళాయమ్మ రాట్నం ముందు కూర్చుని ఇద్దరికీ కండెలు చుడుతుంది. కూర్చుని కూర్చుని ఒళ్లొచ్చింది, ఆపైన బొడ్డు దగ్గర హెర్నియా వచ్చింది. నొప్పి లేచినప్పుడల్లా రాట్నం వదిలేసి గోడకు ఆనుకుని కళ్లు మూసుకునేది. హిందూపురం తీసుకుపోతే అక్కడి డాక్టరమ్మ చూసి, "ఆపరేషన్ చెయ్యాల్సిందే. కానీ ఈ ఆయాసంతో మత్తుమందు ఇస్తే ప్రమాదం. మూడు నెలలు రోజూ నడిచి రండి. ఈ ఆస్పత్రిలో రెండంతస్తుల మెట్లు ఆగకుండా ఎక్కి చూపిస్తే అప్పుడు చేస్తా. అశ్రద్ధ చేస్తే పేగు బిగుసుకుని ప్రాణం మీదికొస్తుంది" అని చెప్పి, చీటీ మీద కూడా రాసిచ్చింది.

చీటీ పట్టుకుని కుళ్ళాయమ్మ ఒక సాయంత్రం మా వీధి చివర గ్రౌండుకు వచ్చింది. మగ్గం దిగాక మేమంతా కూర్చుని కబుర్లాడుకునే చోటది. పాపం, సగం చుట్టు తిరిగేసరికి రొప్పుతూ నిలబడిపోయింది. నా నోరు ఊరుకుంటుందా?

"ఏమమ్మా కుళ్ళాయమ్మా, గ్రౌండు సుట్టూ నువ్వు తిరుగుతాండావా, నీ సుట్టూ గ్రౌండు తిరుగుతాండాదా?" అన్నాను.

అందరూ పగలబడి నవ్వారు. ఆమె కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మరునాడు ఆమె కనబడలేదు. ఆమెకు బదులు ఎర్రిస్వామి వచ్చాడు.

వచ్చినవాడు వాలీబాల్ కంబం దగ్గర గోచీ బిగించి ధబీమని పడ్డాడు. లేచి ఎగిరాడు. ఆరోసారి పడ్డవాడు లేవలేదు. ఓర్నాయనో అని అందరం పరుగెత్తాం. ముఖాన నీళ్లు కొట్టి అడిగాను.

"యాడ నేర్చినావబ్బా ఈ రోగం?"

"ఫోన్లో సూసినా. సామాన్లు అక్కర్లే, మనిషంత జాగా ఉంటే సాలు. గుండెకూ ఊపిరికీ మంచిదంట."

"డాక్టరమ్మ నడవమనింది నీ పెండ్లాన్ని గదా?"

"ఔ."

"మరి నువ్వెందుకు పడి లేస్తాండావు?"

"ఇంట్లో ఒకరు చేస్తే సాలదా?"

అంటే మాత్రలు ఆమెకు రాస్తే ఈయన మింగుతాడన్నమాట! ఇట్లాంటి మొగుణ్ని ఎక్కడైనా చూశారా?

నాలుగు రోజుల్లో మానేస్తాడనుకున్నాం. మానలేదు. మొదట్లో ఆవేశంగా ఎగిరి ఊపిరందక పడేవాడు, తర్వాత నింపాదిగా తీయడం పట్టుబడింది. రెండో వారానికి ఇరవై, నెలకు డెబ్బై. మగ్గం తొక్కిన కాళ్లు కదా, ఒక వరస దొరికింది. మాతో మాట్లాడుతూనే తీసేవాడు.

"అరవై రొండూ... ఏమప్పా తిరుపాలూ, మగ్గం మింద చీర కోసినావా?... అరవై మూడూ... జరీ బాగుండాదా?... అరవై నాలుగూ!"

ఊరు ఊరంతా చూడ్డానికి రావడం మొదలుపెట్టింది. వాలీబాల్ ఆట ఆగిపోయింది. బజ్జీల బండి రోడ్డు మీదినుంచి గ్రౌండులోకి మారింది. మమ్మల్ని నిలబెట్టే చోటు కూడా ఎర్రిస్వామే చూసేవాడు. "ఎండ మీ కండ్లల్లో పడతాది, ఇట్ల తిరిగి నిలబడండప్పా" అని భుజాలు పట్టుకుని మరీ తిప్పేవాడు. మనుషులు చూస్తుంటే ఎంత సంబరమో ఈయనకు అని నేను పళ్లు కొరికేవాణ్ని.

అన్నిటికన్నా చిత్రం ఆయన లెక్క. ఒకరోజు ఎనభై మూడు దగ్గర టక్కున ఆపి తువాలు భుజాన వేసుకున్నాడు. ఇంకోరోజు తొంభై ఎనిమిది. మాతోటి నేతగాడు, లెక్కల్లో ఖచ్చితమైన మనిషి తిరుపాల్‌కు దుఃఖం ఆగలేదు.

"ఇంగ రొండు తీస్తే వంద అయితాది, నీకు దండం పెడతా ఎర్రిస్వామీ!"

"సాల్లేబ్బా."

"తొంభై ఎనిమిది మీద ఎవరన్నా ఆపుతారా!"

"నేను ఆపినా గదా."

ఆ రాత్రి తిరుపాల్‌కు నిద్ర పట్టలేదట.

ఇక పెనుకొండలో మా చెల్లెలి కూతురు పెళ్లి. భోజనాలు రెండో అంతస్తు పైన. ఇంకా తలంబ్రాలు పడుతుండగానే ఈ మహానుభావుడు కింద వాకిట్లో గోచీ బిగించాడు. పందిట్లోని జనమంతా వాకిట్లోకి దూకారు. ఫొటోగ్రాఫరు పెళ్లికూతురిని వదిలేసి ఈయన్ని తీశాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నూట పందొమ్మిది తీసి, మెట్లవైపు చూసి ఆపాడు. మేం పైకి వెళ్లేసరికి కుళ్ళాయమ్మ అప్పటికే ఆకు ముందు కూర్చుని చెమట తుడుచుకుంటోంది. మొగుడి నిర్వాకానికి సిగ్గుపడి పైకొచ్చి దాక్కుంది కాబోలనుకున్నాను.

మూడు నెలలు గడిచాయి. డాక్టరమ్మ ముందు ఈయన బండారం బయటపెట్టాలని నేను కూడా హిందూపురం రైలెక్కాను. ఆమె మెట్లు ఎక్కలేకపోతుంది, ఆపరేషన్ చెయ్యరు, రేపు ఏమన్నా జరిగితే ఎవరు దిక్కు? కోపంతో నాకే ఆయాసం వచ్చింది.

ఆస్పత్రిలో పేరు పిలిచారు. డాక్టరమ్మ బయటికొచ్చి మెట్లు చూపించింది. బెంచీల మీద యాభై మంది ఉంటారు, అందరి కళ్లూ కుళ్ళాయమ్మ మీదే. అంతలో పక్కన ఏదో కదలిక. చూస్తే ఎర్రిస్వామి ఆస్పత్రి నట్టనడుమ పంచె గోచీ బిగిస్తున్నాడు! వాచ్‌మన్ కర్ర పట్టుకుని ఉరికొచ్చాడు. నేను కళ్లు మూసుకున్నాను.

"ఏమయ్యా, ఈ పొద్దు వద్దులే" అంది కుళ్ళాయమ్మ. "సూసేటోళ్లు సూడనీ."

కొంగు నడుముకు దోపి మెట్లెక్కింది. ఒక అంతస్తు. ఆగలేదు. రెండో అంతస్తు. ఆగలేదు! పైనుంచి తొంగి చూసి, "ఇంగా ఎక్కల్నా డాక్టరమ్మా?" అని అడిగింది. డాక్టరమ్మ నవ్వి వచ్చే సోమవారం ఆపరేషన్ అని రాసింది. నేను మాత్రం వెనకాలే ఎక్కబోయి మొదటి అంతస్తులో కడ్డీ పట్టుకుని కూలబడ్డాను. డాక్టరమ్మ నాకూ బీపీ పట్టా కట్టి చూసి, "మీరు కూడా రోజూ నడవాలి పెద్దాయనా" అంది.

తిరుగు రైలు పెనుకొండ దాటింది. ఆఖరికి అడిగేశాను.

"ఎప్పుడు నడిచిందబ్బా? యాడ నడిచింది?"

"గ్రౌండులోనే, రోజూ. మీ యెనకనే" అన్నాడు ఎర్రిస్వామి. "మీరంతా నా పక్క తిరిగి ఉంటిరి గదా. నేను మొదలుపెట్టినంక ఆమె యెనక గేట్లో వస్తాండె. తిరిగి తిరిగి గేటు దాటితే నేను ఆపుతాంటి. ఎనభై మూడు కాడ దాటితే ఎనభై మూడే."

"పెండ్లిలో?"

"ఆడ మెట్లు దొరికె. అయిదుసార్లు ఎక్కి దిగింది."

"పక్కన నువ్వు కూడా నడిస్తే సరిపోయేది గదప్పా!"

"నడిస్తే ఇద్దర్నీ సూసి నగుతారు. నగేటోళ్లను ఆపలేం. నన్ను సూసి నగితే నాకేం పోతాది?"

నగింది ఎవరు? నవ్వించింది ఎవరు? ఆ రోజు గ్రౌండులో అన్న మాట నాది. మూడు నెలల్లో ఒక్కసారి కూడా ఆయన నన్ను ఆ మాట అడగలేదు. పక్కమగ్గం మీదే కూర్చుని నా తెగిన పోగులు అతికిపెట్టాడు.

"తప్పయిపోయింది కుళ్ళాయమ్మా" అన్నాను.

"అయ్యో, ఊరుకోన్నా. నీ మాట బాగనే ఉండె, ఇంటికి పోయి నేనూ నగుకుంటి. అయితే మళ్లీ రావల్లంటే కాళ్లు రాలే" అందామె.

ఎర్రిస్వామి నా మోకాలు తట్టాడు. "డాక్టరమ్మ నిన్ను గూడా నడవమనింది గదా?"

"ఈ పొట్టతోనా? గ్రౌండులోనా? ఆ తిరుపాల్ గాని సూసినాడంటే..."

"అయిదున్నరకు యెనక గేటు కాడికి రా" అన్నాడు. "ఎన్ని సుట్లు తిరుగుతావో ముందే చెప్పు, దాన్నిబట్టి తీస్తా."

ఆపరేషన్ జరిగి మూడు నెలలైంది. కుళ్ళాయమ్మ ఇప్పుడు ముందు గేట్లోంచే వచ్చి, ఎవరు చూసినా లెక్కచెయ్యకుండా నడుస్తుంది. ఎర్రిస్వామి మాత్రం బర్పీలు ఆపలేదు, నిన్న రెండువందల పదకొండు తీశాడు. ఊరంతా ముక్కున వేలేసుకుంది. ఆ పదకొండు ఎందుకని తిరుపాల్ తల బాదుకుంటున్నాడు. నేను నోరు విప్పలేదు. వెనక గేటు దాటబోయేసరికి నా చెప్పు తెగింది, ఏం చేయమంటారు?