మాస్టారి గోడమీద గుడ్డపేలికలు

మా దర్జీ మాస్టారికి మనసు లేదనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కొట్టుకు ఎవరొచ్చినా తలెత్తరట, "బాగున్నారా" అంటే "చెయ్యి ఎత్తండి" అంటూ టేపు పట్టుకుంటారట. బాగున్నారు కాబట్టే కదా కొట్టుదాకా నడిచొచ్చారు, ఇంకా ఆ అడగడమెందుకు?

నేను ఆ కొట్టులో కాజాలు కుడతాను. చిన్నప్పటినుంచీ నన్ను మొద్దు అన్నారు, పొగరుబోతు అన్నారు. ఈమధ్యే ఒక డాక్టరమ్మ దానికి ఆటిజం అని పేరు చెప్పింది. ముందు పెట్టిన పేర్లకంటే ఇదే నయం. ఆ సంగతి చెబితే మా అమ్మ ఏడ్చింది. మాస్టారితో చెబితే, సూదిలోకి దారం ఎక్కిస్తూ, అయితే తనకూ అదే అయ్యుంటుందన్నారు. ఆ పూట ఇద్దరం మరో మాట మాట్లాడుకోలేదు. అంత హాయిగా నేనెప్పుడూ లేను.

మాస్టారికి మొహాలు గుర్తుండవు. ముక్కు కనబడుతుంది, కళ్లు కనబడతాయి, అవన్నీ కలిసి ఒక మనిషి మాత్రం కారు. రోజూ చూసే ఎదురింటాయన టోపీ పెట్టుకొస్తే ఆయనకు కొత్తవాడే. నలుగురూ నవ్వుతారని ఈ సంగతి కడుపులోనే దాచుకున్నారు, నాకు తప్ప ఎవరికీ, కన్నకూతురికి కూడా చెప్పలేదు. తన తిప్పలేవో తనే పడి ఒక దారి కనిపెట్టుకున్నారు. ఎవరి బట్ట కత్తిరించినా చిన్న పేలిక ఉంచుకుని గుండుసూదితో గోడకు గుచ్చేవారు. వచ్చినవాళ్ల గొంతు వినగానే గోడవైపు తిరిగి, ఆ పేలికను వేళ్లతో నలిపేవారు. అప్పుడు వాళ్ల నడక, ఊడిన ఉద్యోగం, పిల్లల పెళ్లిళ్లు అన్నీ ఆయనకు గుర్తొచ్చేవి. చూసేవాళ్లకు ఆ గోడ చెత్త. నిజానికి ఆయన చుట్టపక్కాలందరూ ఉన్నది దానిమీదే.

మిషను ఎడమపక్కన, కూర్చుంటే చెయ్యి అందే ఎత్తులో, నీలి గళ్ల పేలిక ఒకటి ఉండేది. ఆయన భార్య పెళ్లికి ముందు మొదటిసారి ఈ కొట్టుకొచ్చి కుట్టించుకున్న జాకెట్టుది. ఆవిడ పోయి చాలా కాలమైంది. శవం దగ్గర కంటతడి పెట్టలేదని చుట్టాలు బుగ్గలు నొక్కుకున్నారు. మర్నాడు పొద్దున్నే కొట్టు తెరిచి, ఆ పేలిక గుప్పిట్లో పెట్టుకుని ఆయన ఎలా కూర్చున్నారో చూసింది నేనొక్కదాన్నే. అప్పటినుంచీ దాన్ని ముట్టుకోకుండా ఏ రోజూ పని మొదలుపెట్టలేదు.

ఆయన కంటికి శుక్లం వచ్చింది. కూతురు తన ఇంటికి తీసుకెళ్లి ఆపరేషన్ చేయించింది. చెడ్డపిల్లేం కాదు, నాన్నంటే ప్రాణం. దుమ్ము తగిలితే కన్ను దెబ్బతింటుందని డాక్టరు చెప్పాడట. అందుకని ఆయన తిరిగొచ్చేలోపు కొట్టంతా అద్దంలా చేసి, నాన్నను ఆశ్చర్యపరచాలనుకుంది. ఆశ్చర్యమట! మాలాంటివాళ్లకు అంతకంటే పెద్ద దెబ్బ ఉండదు. పేలికలు తియ్యొద్దన్నాను. "నీకన్నీ భయాలేనక్కా" అని నవ్వింది. ఎందుకు వద్దో చెప్పబోయాను. సున్నం వాసన, బల్లలు ఈడ్చే చప్పుడు, పనివాళ్ల కేకలు ఒక్కసారిగా మీదపడేసరికి మాటలు గొంతులోనే గడ్డకట్టాయి. నాకు అలాగే అవుతుంది. చెవులు మూసుకుని బయట మెట్టుమీద కూలబడ్డాను. నేను తేరుకునేసరికి చెత్తబండి వచ్చి వెళ్లిపోయింది.

మాస్టారు వచ్చారు. తెల్లగా మెరిసే గోడముందు నిలబడి అరచేత్తో తడిమారు. మిషను ఎడమపక్కన మళ్లీ మళ్లీ తడిమారు. వెనకనుంచి కూతురు, ఎలా ఉంది నాన్నా అని మురిసిపోతూ అడుగుతోంది.

"మీ అమ్మ ఏదమ్మా?" అన్నారాయన.

 ఆ పిల్ల నాన్నకు మతి తప్పిందేమోనని నావైపు చూసింది. అప్పుడొచ్చింది నాకు మాట. మొహాల సంగతి, పేలికల సంగతి, నీలి గళ్ల సంగతి అన్నీ చెప్పాను. పరుగెత్తుకుంటూ చెత్త పారబోసేచోటికి వెళ్లింది. నేనూ వెళ్లాను. అక్కడ ఎప్పుడో తగలబెట్టేశారు.

మాస్టారు మిషను ముట్టుకోలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని గోడవైపు తిరిగి కూర్చున్నారు. ఏడుపు రానివాళ్లకు బాధ లేదనుకునేవాళ్లు ఆ రోజు వచ్చి ఆయన వేళ్లు చూడాల్సింది. ఒకదాన్నొకటి నలుపుకుంటూనే ఉన్నాయి.

మర్నాడు కూతురు తల్లి పెళ్లయిన కొత్తలో తీయించుకున్న ఫొటో ఒకటి వెతికి, పెద్దది చేయించి, పటం కట్టించి తెచ్చింది. నేను చెప్పింది పూర్తిగా నమ్మలేదేమో, పాపం. కాపురం చేసిన మనిషిని ఎవరు మరిచిపోతారు అనుకుని ఉంటుంది. ఆయన కూర్చునేచోట, చెయ్యి అందే ఎత్తులోనే తగిలించింది. మాస్టారు లేచి, ఆపరేషనైన కంటితో దగ్గరగా, చాలాసేపు చూశారు. కూతుర్ని నొప్పించకూడదని ఎంత పాటుపడుతున్నారో నాకు తెలుస్తూనే ఉంది. చివరికి, కొట్టుకు కొత్తగా వచ్చినవాళ్లతో మాట్లాడే మర్యాదతో అడిగారు.

"మనిషి కళగా ఉంది. ఎవరమ్మా ఈవిడ?"