మంచులో అక్క వేసిన అడుగులు

సొంత అక్క కాదు. అమెరికాలో, రెడ్‌మండ్‌లోని మా ఆఫీసులోనే టెస్టింగ్ టీమ్‌లో పనిచేసేది. వరంగల్ మనిషి, యాభై దాటిన వయసు. మీటింగుల్లో ఎవరైనా అడిగితే తప్ప నోరు విప్పదు. అలాంటి ఆవిడ చలికాలమంతా వారం వారం కొండలెక్కుతుందంటే నేను నమ్మలేదు. "రా, నువ్వే చూద్దువు గని" అంది.

ఆ జనవరి శనివారం నేనూ, మా ఆయనా ఆమె వెంట బయల్దేరాం. కొండ మీద గడ్డకట్టిన చెరువు దాకా వెళ్లి రావాలి. కొత్తగా పడ్డ మంచు మోకాళ్లు దాటింది. బూట్లకు వెడల్పాటి స్నోషూస్ కట్టుకున్నా జానెడు లోతు దిగబడుతున్నాం. అక్క ముందు నడుస్తూ మంచు తొక్కి దారి చేస్తోంది. ఆ అడుగుల్లో అడుగులేస్తూ నేను, నా వెనక మా ఆయన.

ఆరడుగుల మనిషికి ఆ నడక నచ్చలేదు. "అక్కా, కొంచెం పెద్ద అడుగులు వేయొచ్చుగా?" అన్నాడు.

"నీ కోసం ఏస్తలేను తమ్మీ, నీ భార్య కోసం ఏస్తున్న" అంది ఆమె, వెనక్కి తిరగకుండానే.

అప్పుడు గమనించాను. ఆమె నాకంటే బాగా పొడవు. అయినా గంటన్నరగా నా కాలు అందేంత దూరంలోనే అడుగు వేస్తోంది. మంచులో నడవడం నాకు భలే చేతనైందని అప్పటిదాకా మురిసిపోతున్నాను.

మా ఆయన ఉండబట్టలేక పక్కకు తప్పుకుని సొంత దారి పట్టాడు. పెద్ద ఫర్ చెట్టు పక్కగా వెళ్లాడో లేదో, ఛాతీ దాకా కూరుకుపోయాడు. కొమ్మలు మంచును ఆపేస్తాయి కాబట్టి ఆ చెట్ల మొదళ్ల చుట్టూ గుంతలుంటాయి. పైకి మాత్రం సమంగానే కనిపిస్తుంది.

నేను అరుస్తూ అటు వెళ్లబోతే అక్క చేయి అడ్డం పెట్టింది.

"నువ్వు ఆడనే ఉండు. తమ్మీ, జర కదలకు. ఆ కొమ్మ గట్టిగ పట్టుకో. ఏం గాదు."

బ్యాగులోంచి చిన్న పార తీసి, బోర్లా పడుకుని పాక్కుంటూ వెళ్లింది. ఆయన ముందున్న మంచు తవ్వసాగింది. లోపల ఒక స్నోషూ కొమ్మల్లో చిక్కుకుపోయింది. పార అందనిచోట చేతులతో తోడింది. గొంతు ఒక్కసారి కూడా పెంచలేదు. మధ్యలో "మీ అమ్మకు రోజూ ఫోన్ జేస్తవా?" అంటూ ఆయన చేత మాట్లాడిస్తూనే ఉంది. చివరికి పట్టీ విప్పి, కాలు బయటికి లాగింది.

"సారీ అక్కా" అన్నాడు, పళ్లు టకటకలాడుతుంటే.

"సారీ తర్వాత చెప్పు. ముందుగల చాయ్ తాగు" అని ఫ్లాస్కు మూత తీసింది.

చెరువు ఇంకో అరగంట దూరమే. నా మనసు అటే లాగుతోంది. అది నా ముఖంలో కనిపించిందేమో, "చెరువు ఏడికి పోతది? నీ మొగుని బట్టలు తడిసినయ్. దిగుదాం" అంది.

కారు దగ్గరికొచ్చాక ఆమె జాకెట్ జిప్పు లాగలేకపోవడం చూశాను. గ్లవ్స్ నీళ్లోడుతున్నాయి. తీస్తే వేళ్లు ఎర్రగా కమిలి ఉన్నాయి. దిగేటప్పుడు ఆ సంగతి చెప్పనే లేదు. కారెక్కాక వెనక సీట్లో ఆమె రెండు చేతులూ నా అరచేతుల మధ్య పట్టుకుని కూర్చున్నాను. "వదిలెయ్ పిల్లా" అంటూ సిగ్గుపడింది గానీ చేతులు లాక్కోలేదు.

కాసేపటికి అలాగే నిద్రపోయింది. రెడ్‌మండ్ చేరేదాకా మా ఆయన పాటలు పెట్టలేదు.