మనీ ప్లాంటుకు ఐదుగురు సాక్షులు

ఆ రోజుల్లో అచ్చులో కనిపించిందల్లా నిజమేననీ, అదే మాట నాలుగుచోట్ల కనిపిస్తే నాలుగింతలు నిజమనీ నాకు గట్టి నమ్మకం. (ఇప్పటికీ అంత నమ్మకం ఉన్నవాళ్లను చూస్తే కాస్త అసూయగానే ఉంటుంది.) పరిశోధన చేస్తానని విజయనగరం నుంచి ఢిల్లీ వచ్చి, జియా సరాయ్‌లో కిటికీ సరిగా మూసుకోని గదిలో దిగాను. చలికాలం రాగానే ఆ సందులోంచి పొగా, నా గొంతులోంచి దగ్గూ మొదలయ్యాయి. ఆ దగ్గులోంచే నా పరిశోధనాంశం పుట్టింది: గదిలో మనీ ప్లాంటు పెడితే ఢిల్లీ పొగ ఎంత తగ్గుతుంది? తగ్గుతుందా అని కాదు, ఎంత అని!

నా గైడు మేడమ్ విని, "ఠీక్ హై, కమిటీని ఒప్పించుకో. లేదంటే నా పాత ప్రాజెక్టులో సిమెంటు ధూళి ఉంది, అది చూడు" అన్నారు. సిమెంటు ధూళి మాట వింటేనే నాకు ప్రాణం ఉసూరుమనేది. అందుకని ఊపిరి బిగబట్టి ఆధారాలు పోగేశాను: ఒక వీడియో, ఒక దినపత్రిక వ్యాసం, ఇంటర్నెట్‌లో ఒక విజ్ఞానసర్వస్వం పేజీ, ఒక పాఠ్యపుస్తకం, వీటన్నిటికీ మించి బోలెడన్ని పరిశోధనలను సమీక్షించిన పెద్ద వ్యాసం. నా గదిలోనే ఉండే కరీంనగర్ అక్కకు (నాకంటే సీనియర్, పురుగుల మీద పరిశోధన) అవన్నీ గర్వంగా వినిపించాను. అక్క ఉల్లిపాయలు తరుగుతూ వింది.

"గీల్లల్ల ఎవలన్న మొక్క పెట్టి చూసిన్రా, ఒకల్ని జూసి ఒకలు రాసిన్రా?"

"ఐదుగురూ అబద్ధం రాస్తారేటక్కా?"

"అబద్ధమని నేనన్ననా? పని జేసినోడు రాసింది ఒక తీరు, అది సదివి ఇంకొకడు రాసింది ఒక తీరు. పాఠ్యపుస్తకం దారి తెల్సుకోనీకె మంచిగనే ఉంటది. గని మొదలు చెప్పినోడు ఏం జెప్పిండో చూడు పో."

చూశాను. వీడియో చివర దినపత్రిక పేరుంది. దినపత్రిక విజ్ఞానసర్వస్వాన్ని నమ్ముకుంది. అది పాఠ్యపుస్తకాన్ని, పాఠ్యపుస్తకం సమీక్షా వ్యాసాన్ని చూపించాయి. సమీక్షా వ్యాసం ఒకే ఒక పాత ప్రయోగాన్ని చూపించింది. పెళ్లికొచ్చిన ఐదుగురు చుట్టాలూ ఒకే ఆటోలోంచి దిగినట్టయింది! వెతుకుతున్నంతసేపూ తిండి కూడా గుర్తురాలేదు, అంత సరదాగా ఉంది. తీరా అసలు పత్రం చేతికొచ్చాక చూస్తే, అందులో మొక్కను పెట్టింది గదిలో కాదు, మూత బిగించిన చిన్న పెట్టెలో. కొలిచింది కొన్ని వాయువుల్ని. పొగ ఊసే లేదు, మా కిటికీ సందు ఊసు అంతకన్నా లేదు.

"నా పనయిపోయిందక్కా" అన్నాను ఏడుపు గొంతుతో. సిమెంటు ధూళి కళ్లముందు కదలాడింది.

"అయిపోవుడేంది? మనసొంటి గదిల పెట్టి చూసినోడు ఎవడన్న దొరికిండా?"

దొరకలేదు. సెమినార్‌లో "ఎంత" తీసేసి "అసలు తగ్గుతుందా" అని పెట్టాను. కమిటీలో ఒక పెద్దాయన (ఇంటినిండా మనీ ప్లాంట్లేనట) "పేపర్లో వచ్చింది కదమ్మా" అన్నారు. "ఆ పేపరుకు ఎవరు చెప్పారో వెతికాను సార్" అని మొత్తం దారి చూపించాను. మేడమ్ నవ్వారు. సిమెంటు ధూళి తప్పింది. ఆ చలికాలమంతా గదిలో మొక్క పక్కన పొగ కొలిచే మీటరు పెట్టుకుని కూర్చున్నాను. మొక్క వల్ల పొగ తగ్గిన జాడ లేదు గాని, కింద ఇంటి ఓనరు ఆంటీ పరాఠాలు కాల్చినప్పుడల్లా మీటరు ఎగిరిపడేది. ఆ సంగతి ఆవిడతో అన్నందుకు కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. చివరికి నా పేరుతో ఒక చిన్న పత్రం అచ్చయింది.

ఇప్పుడు ద్వారకలో ఉంటున్నాను. మొన్న మా సొసైటీ వాట్సాప్ గ్రూపులో పక్కింటి ఆంటీ ఒక మెసేజ్ పెట్టారు: మనీ ప్లాంటుతో పొగ మాయం, ఢిల్లీ పరిశోధకురాలి నిరూపణ! కింద సాక్ష్యంగా ఫొటో ఉంది. అది నా పత్రం మొదటి పేజీ. ఆ పత్రంలో ఉన్నది దానికి పూర్తిగా వ్యతిరేకమని రాశాను. "ఆప్‌కో కైసే పతా? సోర్స్ భేజియే" అన్నారావిడ, మీకెలా తెలుసు, ఆధారం పంపండి అని. రాసింది నేనేనని చెప్పి పత్రమంతా పంపాను. "అచ్ఛా బేటా, వీడియో హో తో భేజ్ దేనా" అని జవాబొచ్చింది, వీడియో ఉంటే పంపమని.

నవ్వుకుని, మా కిటికీలో ఉన్న మనీ ప్లాంటుకు నీళ్లు పోశాను. దగ్గుకుంటూ ఐదుగురు సాక్షుల్ని పోగేసిన జియా సరాయ్ పిల్ల మీద బోలెడంత ప్రేమ కలిగింది. ఆ పిల్లయినా వీడియోనే అడిగేది. పాపం ఈ ఆంటీకి ఉల్లిపాయలు తరుగుతూ ప్రశ్నలడిగే అక్క దొరకలేదు, అంతే.