వాచీలత్త బంగారం

ఆవిడకి పేరు లేక కాదు, ఆ వీధిలో ఆ పేరుతో పిలిచే నాథుడే లేడు. అందరికీ వాచీలత్తే. బట్టలు కుట్టే మనిషి. పెళ్లి చేసుకోలేదు, చేసుకోలేదని దిగులూ పడలేదు. తమ్ముడి ఇంటి మేడ మీద ఒక గది, కిటికీ పక్కన కుట్టుమిషను, కత్తిరించే బల్ల. ఆ బల్ల సొరుగులో, గుడ్డముక్కల అడుగున, పాత బిస్కెట్ల డబ్బా. ఆవిడ ప్రాణాలన్నీ అందులోనే ఉండేవి. బంగారు వాచీలు!

అలాంటిలాంటి వాచీలు కావు. సెల్లుతో నడిచే క్వార్ట్జ్ వాచీలు. అవి కొత్తగా వచ్చిన రోజుల్లో అదో వింత గనక, గొప్పవాళ్ల కోసం అచ్చమైన బంగారు కేసుల్లో బిగించి కొన్నిటిని చేశారు. తర్వాత ప్లాస్టిక్‌వి వచ్చిపడి వాటి పరువు తీసేశాయి. ఇప్పుడవి కాగడా పెట్టి వెతికినా దొరకవు. ఎందుకు దొరకవని అత్తని అడిగి చూడండి, మొహం కందగడ్డ అయిపోతుంది. సెల్లు అయిపోగానే వాచీ చచ్చిందనుకుని కంసాలి దగ్గరికి మోసుకుపోయే మహానుభావులుంటారు. ఆయన లోపలి మిషను పీకి అవతల పారేసి కేసుని కరిగించేస్తాడు. నిక్షేపంలాంటి వాచీ అలా గంగపాలవుతుంది.

అందుకే అత్త పాత సామాన్ల కొట్లూ రిపేరు షాపులూ గాలించి, కంసాలి కంటే ముందు తను చేరేది. కీ ఇచ్చే వాచీలే అసలైనవని, ఇవి ఉత్త సెల్లు బొమ్మలని షాపువాళ్లు వెక్కిరించేవారు. పొద్దున్నే ఒకరి చేత కీ ఇప్పించుకోనిదే నడవని దాంట్లో గొప్పేముందని అత్త ఎదురడిగేది. అన్నిట్లోకీ నీలం డయలున్న నలుచదరపు వాచీ అంటే ఆవిడకి పిచ్చి. దానికి మాత్రం ఎప్పుడూ సెల్లు వేసి నడుపుతూనే ఉండేది.

తమ్ముడు చెడ్డవాడేం కాదు. కాకపోతే ఎవరికేం కావాలో వాళ్లకంటే తనకే బాగా తెలుసనుకునే రకం. అంత బంగారం డబ్బాలో మూలుగుతుంటే అక్క బోసి చేతులతో తిరగడం అతనికి తలవంపులుగా ఉండేది. కరిగించి గాజులు చేయించుకోమని ఒకటే పోరు. నా చేతులు, నా కష్టార్జితం, మధ్యలో నీకెక్కడ నొప్పి అని అత్త మిషను తొక్కుకుంటూ పోయేది.

ఒకనాడు మరదలు టీ పట్టుకుని పైకొచ్చింది. ముసిముసిగా నవ్వుతూ, తన గాజొకటి తీసి అత్త చేతికి ఎక్కించి చూసింది.

"ఏం లేదు వదినా, సరిపోతుందో లేదో చూద్దామని."

ఊరందరి కొలతలూ తీసే మనిషి కొలత ఈవిడ తీస్తోంది! అత్త గబుక్కున సొరుగు లాగింది. డబ్బా ఉంది. నీలం డయలు వాచీ లేదు.

మెడలో టేపు మెడలోనే ఉండగా పరుగున కంసాలి కొట్టుకి పోయింది. తమ్ముడు అక్కడే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. కంసాలి ముందు చిన్న బంగారపు ముద్ద చల్లారుతోంది. ఆలస్యమైపోయింది. అక్కని చూడగానే తమ్ముడు కాస్త తడబడ్డాడు గానీ వెంటనే తేరుకున్నాడు.

"నీ కోసమే అక్కా, గాజులు చేయిద్దామని. నీ బంగారం ఎక్కడికీ పోలేదు. కావాలంటే తూకం వేయించుకో, రవ్వంత తగ్గలేదు."

అత్తకి ఒళ్లు మండిపోయింది. ఆ మంటలోనే కళ్లనిండా నీళ్లూ తిరిగాయి. కంసాలి పక్కనున్న చెత్త రేకుడబ్బాలో చెయ్యిపెట్టింది. విరిగిన కొక్కేల మధ్య నీలం డయలు, వెనకాల మిషనుతో సహా దొరికింది. కేసు లేదు, అద్దం లేదు, సెకన్ల ముల్లు మాత్రం తన మానాన తను నడుస్తోంది. బంగారం పోయిన సంగతి దానికి పట్టినట్టే లేదు.

"అది చెత్తక్కా. బంగారం ఇదిగో, ఇక్కడుంది" అన్నాడు తమ్ముడు.

"బంగారం నువ్వుంచుకోరా. నా వాచీ నేను తీసుకుపోతున్నా."

మేడ ఎక్కి, దళసరి గుడ్డతో పట్టీ కుట్టింది. చొక్కా ప్యాకెట్టు మీది ప్లాస్టిక్ కత్తిరించి అద్దంలా వేసి, వాచీ మిషను అందులో పొదిగింది. చూడ్డానికి దెబ్బకి కట్టిన కట్టులా ఉంది. దాన్నే చేతికి కట్టుకుంది. సొరుగుకి కొత్త తాళం వేసింది.

తమ్ముడూ ఆవిడ రక్తమేగా, పంతం కొద్దీ గాజులు చేయించనే చేయించాడు. సన్నటివి, రెండు. మరదలు తెచ్చి బల్ల మీద పెడితే అత్త వద్దనలేదు. పనికొస్తాయంది.

మర్నాడు తమ్ముడు స్వయంగా పైకొచ్చాడు. ఫ్యాను గాలికి కత్తిరింపు కాగితం ఎగరకుండా, ఆ మూల ఒక గాజు, ఈ మూల ఒక గాజు బరువు పెట్టి ఉన్నాయి. వాటిని చూశాడు. ఏదో ఒకటి అనాలి గనక, టైమెంతయిందక్కా అన్నాడు.

అత్త కత్తెర పక్కన పెట్టి, గుడ్డకట్టు చెయ్యి అతని మొహం ముందు పెట్టింది.

"నువ్వే చూసుకో."