సొరుగులో ఉండిపోయిన అంకె

గల్ఫ్‌లో, మెసైమీర్‌లోని మా కంపెనీలో సీనియర్ అకౌంటెంట్ కుర్చీ ఖాళీ అయినప్పుడు, అది నాదేనని ఇంట్లో చెప్పేశాను. తొమ్మిదేళ్ల సర్వీసు నాది. పోటీకి ఉన్నది ఒక్కతే, నెదర్లాండ్స్ నుంచి వచ్చి ఏడాదైనా నిండని అమ్మాయి. ఆమెను చూస్తేనే నాకు ఒళ్లు మండేది. మేనేజర్ పిలిస్తే నేను చొక్కా సర్దుకుని లేచేవాణ్ణి. ఆమె చాయ్ కప్పుతోనే లోపలికి వెళ్లి, ఆయన కూర్చోమనకముందే కూర్చునేది. ఆయన్ని పేరు పెట్టి పిలిచేది కూడా.

మాతో పని చేయించుకున్న ఒక బిల్డర్ రెండేళ్లుగా డబ్బు కట్టడం లేదు. ఏడాది లెక్కలు ముగించేముందు, అందులో ఎంత రాకుండా పోతుందో అంచనా వేసి నష్టం కింద చూపాలి. దానికి సూత్రమంటూ లేదు, అకౌంటెంటు తన తెలివిని బట్టి తేల్చాల్సిందే. మూడు రోజులు పాత ఉత్తరాలన్నీ తిరగేసి, సగం రాదని తేల్చాను. కాగితం మీద రాసి, కింద తేదీ వేసి సొరుగులో పెట్టుకున్నాను. సార్ మనసులో ఎంతుందో తెలియకుండా అంకె బయటపెట్టడమేమిటి? మా ఇంట్లో బియ్యం అయిపోయాయని కూడా ఎవరూ అనరు, నిండుకున్నాయంటారు. అలా పెరిగినవాణ్ణి, పెద్దాయన ముఖం మీద ఈ డబ్బు రాదని ఎలా చెప్పను?

మీటింగులో మేనేజర్ ముందు నన్నే అడిగారు. ఆయనది హైదరాబాద్, నాతో తెలుగే మాట్లాడతారు.

"ఎంత వస్తదంటవ్ తమ్మీ?"

"మీరెట్లంటే అట్ల సార్. ఇంకొన్ని రోజులు చూద్దాం" అన్నాను.

ఆయన ఆమె వైపు తిరిగి ఇంగ్లీషులో అదే అడిగారు.

"సగం రాదు" అంది, చాయ్ తాగుతూనే.

నా సగం! మూడు రోజులు కళ్లు పోయేలా వెతికిన నా సగం! అది ఆమె నోట అంత హాయిగా పలికింది.

పదిహేను రోజులకు కుర్చీ ఆమెదైంది. ఉండబట్టలేక ఆ కాగితం తీసుకెళ్లి మేనేజర్ బల్ల మీద పెట్టాను. ఆయన చదివారు, తేదీ చూశారు.

"గిది నీ దగ్గర ముందే ఉన్నదా? మరి అడిగిననాడు ఎందుకు చెప్పలే?"

"మీరు పెద్దోళ్లు సార్..."

"నేను గూడ మన దిక్కుకెల్లే వచ్చిన గద తమ్మీ, గా మొహమాటం నాకు తెల్వదా? గందుకే ముందు నిన్నడిగిన."

బయటికొచ్చి కూడా ఆమెనే తిట్టుకున్నాను. వాళ్ల దేశంలో పుట్టి ఉంటే నేనూ చాయ్ తాగుతూ చెప్పేవాణ్ణే, అందులో ఆమె గొప్పేముంది అనుకున్నాను. అలా అనుకుంటే కాస్త ఊరటగా ఉండేది.

శుక్రవారం మధ్యాహ్నం జగిత్యాల నుంచి మా ఆవిడ ఫోన్ చేసింది.

"సీనియర్ పోస్టు ఏమాయె?"

"చూస్తున్నరట. ఇంక టైముంది" అన్నాను.



"రాలేదని చెప్పున్రి. నేనేమన్న అంటనా?" అంది.

మా ఆవిడదీ నాదీ ఒకే ఊరు, ఒకే వీధి. బియ్యం నిండుకున్నాయని చెప్పే అలాంటి ఇంట్లోనే తనూ పెరిగింది. ఆ పూట నాకు మా ఆవిడ మీద కూడా అసూయ పుట్టింది.